చుక్కల చాటున

2003 మే 5న అమెరికాలోని లిటిల్ రాక్ నగరంలో అప్పటి అధ్యక్షుడు జార్జి డబ్ల్యూ. బుష్ ప్రసంగించారు. అల్‌ఖైదా పారిపోతోందని, తమ దేశం మీద దాడి చేసిన ఆ ముఠా మెల్లగానైనా తప్పకుండా నాశనమవుతోందని అన్నారు. దాని పైస్థాయి మనుషుల్లో దాదాపు సగం మంది జైల్లో ఉన్నారని, లేదా చచ్చారని చెప్పారు. ఏదైతేనేం, వాళ్లతో ఇక బెడద లేదన్నారు. వారం తిరిగేసరికి, మే 12న, సౌదీ రాజధాని రియాద్‌లో విదేశీయులు ఉండే నివాస సముదాయాల మీద బాంబు దాడులు జరిగాయి. మరో రెండు రోజులకు ‘న్యూయార్క్ టైమ్స్’ కాలమిస్టు మొరీన్ డౌడ్ తన కాలమ్‌లో బుష్ మాటలను ఉటంకించారు. ముఠా నాశనమవుతోందన్న వాక్యం అందులో ఉంది. వాళ్లతో బెడద లేదన్న వాక్యమూ ఉంది. జైలు, చావుల సంగతి చెప్పిన నడిమి వాక్యం లేదు. దాని చోట చుక్కలున్నాయి.

వ్యాకరణ పుస్తకం ముందేసుకుని కూర్చుంటే ఆమెను తప్పుపట్టలేం. తీసేసిన చోట చుక్కలు పెట్టాలంటారు, పెట్టారు. కానీ బుష్ నోట ‘వాళ్లు’ అంటే జైల్లో పడ్డవాళ్లు, చచ్చినవాళ్లు. కాలమ్‌లో ‘వాళ్లు’ అంటే మొత్తం అల్‌ఖైదా. చచ్చినవాళ్లతో బెడద లేదనడంలో అబద్ధం లేదు, ఆ మాటకొస్తే చెప్పుకోదగ్గ సంగతీ లేదు. అల్‌ఖైదాతోనే బెడద తీరిందన్నాడంటే మాత్రం, రియాద్‌లో శిథిలాల తొలగింపు కూడా పూర్తికాని సమయాన, ఆ అధ్యక్షుడికి లోకం తెలియదన్నమాట. ఒక్క సర్వనామం చుక్కల మీదుగా దూకి వేరే నామవాచకం పక్కన చేరింది, అంతే. బుష్ సమర్థకులు ఊరుకోలేదు. ఇలా కోసి అతికించే పనికి ఆమె ఇంటిపేరు మీదుగానే ‘డౌడిఫై’ అని ఓ క్రియాపదం పుట్టించారు. విడ్డూరమేమంటే, ఆ ఏడాది ఇరాక్ గురించి బుష్ చెప్పినవాటిలో నిలబడని మాటలకు కొదవే లేదు. ఆయన్ను నిలదీయడానికి మాటను కోయాల్సిన అవసరమే లేదు.

ఇంగ్లిష్‌లో ఎలిప్సిస్ అనే ఈ మూడు చుక్కలను సరిగ్గా వాడటం ఎలా అని అడిగితే, చేతిపుస్తకాలు మొదట చెప్పేది ఖాళీల సంగతి. 1906లో తొలిసారి అచ్చయిన షికాగో మాన్యువల్ చుక్కకూ చుక్కకూ మధ్య ఖాళీ వదలమంటుంది. వార్తాపత్రికలకు ప్రమాణమైన అసోసియేటెడ్ ప్రెస్ స్టైల్‌బుక్ ఆ మూడింటినీ కలిపి ఒక మూడక్షరాల మాట అనుకోమంటుంది. అంటే లోపల ఖాళీ ఉండదు, అటూ ఇటూ ఉంటుంది. వాక్యం పూర్తయ్యాక తర్వాతి భాగం తీసేస్తే అమెరికన్లు నాలుగు చుక్కలు పెడతారు. మొదటిది ఆ వాక్యానికి చెందిన ఫుల్‌స్టాప్, మిగిలిన మూడూ తీసేసినదానికి గుర్తు. బ్రిటిష్ ప్రచురణకర్తల్లో చాలామంది ఈ నాలుగో చుక్క గురించి పట్టించుకోరు. కంప్యూటర్లకు వస్తే, యూనికోడ్‌లో మూడు చుక్కలకూ కలిపి ఒకే అక్షరం ఉంది, దాని సంఖ్య 2026. దాన్ని వాడితే పంక్తి చివర రెండు చుక్కలు మిగిలి మూడోది కిందికి జారిపోయే ఇబ్బంది ఉండదు. ఈ తగాదాల్లో ఎవరి పక్షం వహించినా ఫర్వాలేదు, ఒకే రాతలో ఇద్దరి పక్షమూ వహించకపోతే చాలు. మన శుభలేఖల మీదా, ఫ్లెక్సీల మీదా ఐదూ ఏడూ, చోటుంటే పదకొండూ చుక్కలు కనబడతాయి. వాటిని విరామచిహ్నాల కింద కాక ముగ్గుల కింద జమ కట్టుకోవడం మంచిది. అయితే అదే చేత్తో ఇంగ్లిష్ ఉద్యోగ దరఖాస్తు రాస్తే, నాలుగో చుక్కను ఫుల్‌స్టాప్ అని క్షమించిన పాఠకుడు ఐదోదాన్ని క్షమించడు.

పట్టించుకోవాల్సిన నియమం వేరే ఉంది. ఎత్తి రాసిన మాటకు ముందు గానీ చివర గానీ మామూలుగా చుక్కలు పెట్టనక్కర్లేదని షికాగో వాళ్లు చెబుతారు. ఎత్తి రాశామంటేనే పెద్దదాంట్లోంచి చిన్న ముక్క తెచ్చామని అర్థం, దానికి ముందూ వెనుకా ఏదో ఉండనే ఉంటుంది, మళ్లీ చెప్పడమెందుకని వాళ్ల వాదన. సబబుగానే ఉంది. కానీ నడుమ కోస్తే చుక్కలు పట్టిస్తాయి, తోక కోస్తే పట్టించేది ఏదీ లేదు. డార్విన్‌కు జరిగింది అదే. 1859 నాటి ‘జాతుల పుట్టుక’ ఆరో అధ్యాయంలో ఆయన తన సిద్ధాంతానికి ఎదురయ్యే చిక్కులన్నిటినీ తానే ఏకరువు పెట్టాడు. కన్ను లాంటి సంక్లిష్టమైన అవయవం ప్రకృతి వరణం వల్ల ఏర్పడిందనడం పరమ అసంబద్ధంగా తోస్తుందని ఒప్పుకున్నాడు. ఆ వెంటనే, లోపాలున్న అతి సాదా కన్ను నుంచి పరిపూర్ణమైన కన్ను దాకా మధ్యమెట్లు ఉన్నాయని చూపగలిగితే, అందులో ప్రతి మెట్టూ ఆ జీవికి పనికొచ్చేదే అయితే, ఆ చిక్కు మన ఊహకు అందకపోవడమే తప్ప నిజమైన చిక్కు కాదని వివరించాడు. పరిణామ సిద్ధాంతం గిట్టనివాళ్లు మొదటి వాక్యం దగ్గరే కొటేషన్ మూసేస్తూ వచ్చారు. డార్విన్ తన నోటితో తానే ఒప్పుకున్నాడని కరపత్రాలు వేశారు. అక్కడ చుక్కలైనా ఉంటే, ఆ తర్వాత ఏముందో చూద్దామని ఒకడికైనా బుద్ధి పుట్టేది.

కాబట్టి చుక్కలు పెట్టడం వినయమే తప్ప దోషం కాదు. ఇక్కడ నేనేదో తీశాను, కావాలంటే మూలం చూసుకోండి అని చెప్పడమది. అయితే పండితులకు ఇంకో చిక్కొచ్చింది. మూల రచయితే చుక్కలు పెట్టుకుని ఉంటే? ఏ చుక్కలు ఆయనవి, ఏవి ఉటంకించినవాడివి? అమెరికాలో సాహిత్య విద్యార్థులు అనుసరించే ఎమ్మెల్యే హ్యాండ్‌బుక్ (మన ఎమ్మెల్యేలకు దీనితో సంబంధం లేదు, అది మోడర్న్ లాంగ్వేజ్ అసోసియేషన్) 1999 నాటి ముద్రణలో, మీరు పెట్టే చుక్కలను చదరపు బ్రాకెట్లలో బంధించమంది. పేజీలు ముళ్లకంచెల్లా తయారయ్యాయో ఏమో, 2003 ముద్రణలో ఆ పట్టు సడలించింది.

ఈ బాధ బాగా ముదిరింది న్యాయవాదుల దగ్గర. ఒక తీర్పులో ఇంకో తీర్పు, దాంట్లో మరో తీర్పు. ప్రతి పొరలోనూ ఎవరో ఒకరు తీసిన మాటల చుక్కలు, చేర్చిన మాటల బ్రాకెట్లు. చివరికి అసలు సూత్రం ఎక్కడుందో వెతుక్కోవాలి. 2017లో జాక్ మెట్జ్‌లర్ అనే అమెరికన్ న్యాయవాది ఓ ఉపాయం ప్రతిపాదించాడు. చుక్కలూ బ్రాకెట్లూ లోపలి కొటేషన్లూ అన్నీ ఏరిపారేసి, చివర ‘శుభ్రం చేశాం’ అని ఒక్క ముక్క రాస్తే సరి అన్నాడు. కింది కోర్టుల్లో అది త్వరగానే పాకింది. 2021లో బ్రౌన్‌బ్యాక్ వర్సెస్ కింగ్ కేసు తీర్పులో జస్టిస్ క్లారెన్స్ థామస్ వాడటంతో సుప్రీంకోర్టు గడప కూడా తొక్కింది. కంటికి హాయిగానే ఉంటుంది. కానీ ఏం ఊడ్చారో చూపకుండా, ఊడ్చామని మాత్రం చెప్పేవాళ్ల మీద ఎంత నమ్మకం ఉంచాలో కక్షిదారులకే తెలియాలి. మా ఓటు గజిబిజి చుక్కలకే.

ఇంగ్లిష్ కొటేషన్ తెలుగు పత్రికకు చేరేటప్పుడు ఇంకో మెలిక పడుతుంది. ఇంగ్లిష్ నాయకుడు ముందు ‘బిల్లుకు మద్దతిస్తాం’ అనేసి, ‘సెలెక్ట్ కమిటీకి పంపితేనే’ అనే షరతు చివర్లో తగిలిస్తాడు. అక్కడ ప్రమాదం తోకలో ఉంది. అదే మాటను మనం ‘సెలెక్ట్ కమిటీకి పంపితేనే బిల్లుకు మద్దతిస్తాం’ అంటాం. ప్రమాదం తలకొచ్చింది. మన క్రియ చివర ఉంటుంది, ‘కాదు’, ‘లేదు’ దాన్ని అంటిపెట్టుకుని ఇంకా చివర ఉంటాయి. ‘మద్దతిస్తామని మేం ఎన్నడూ చెప్పలేదు’ అన్న మాటలో చివరి మూడు పదాలూ ఎగరగొట్టి, ‘మద్దతిస్తామని…’ అని శీర్షిక కడితే, చుక్కలు నిజాయితీగానే ఉన్నా అర్థం తలకిందులు. టీవీ స్క్రోలింగుల్లో చోటు చాలక రోజూ జరిగే పని ఇది. ఇంగ్లిష్ చేతిపుస్తకం నియమాలను ఉన్నవున్నట్టు దించుకుంటే మన డెస్కులకు సరిపోవు. తీసేయడానికి ముందు క్రియ ఎటు పోతోందో, చుక్కలకు అవతల మిగిలిన ‘ఆయన’, ‘అది’, ‘వాళ్లు’ ఎవరిని పట్టుకు వేలాడుతున్నాయో చూడటం మన సబ్ ఎడిటర్లకు అదనపు చాకిరీ.

చుక్కలకు ఇంకో బతుకుంది. తీసేసిన మాటకు కాక, నోరు దాటని మాటకు గుర్తుగా. ఇదే పాతది. ఇంగ్లిష్ నాటకాల అచ్చులో ఈ గుర్తు ఆనవాళ్లు వెతికిన కేంబ్రిడ్జి పరిశోధకురాలు ఆన్ టోనర్, 1588 దగ్గర ఆగారు. రోమన్ నాటకకర్త టెరెన్స్ రాసిన ‘ఆండ్రియా’ను మారిస్ కిఫిన్ ఇంగ్లిష్‌లోకి తెస్తే, ఆ ఏడాది అది అచ్చయింది. అందులో పాత్రలు మాట మధ్యలో ఆగిపోయిన చోట్ల వరుసగా చిన్న అడ్డుగీతలున్నాయి. చుక్కలింకా కావు, గీతలే. నటుడికి గొంతు ఎక్కడ ఆపాలో చెప్పే పని అచ్చు అక్షరం తన మీద వేసుకుంది. బెన్ జాన్సన్, షేక్‌స్పియర్ నాటకాల ముద్రణల్లో ఈ అలవాటు స్థిరపడింది, పద్దెనిమిదో శతాబ్దంలో గీతల పక్కన చుక్కలూ వచ్చి చేరాయి.

క్రమంగా గీతకూ (అంటే డాష్‌కూ) చుక్కలకూ పని విభజన జరిగింది. మన రచయితలు ఇంగ్లిష్‌లో రాసేటప్పుడు తరచు తడబడేది ఇక్కడే. మాటను ఎవరో తెంచితే, లేక ఏదో జరిగి ఠక్కున తెగితే డాష్. మాట్లాడే మనిషే తటపటాయించి, నసిగి, మెల్లగా మానుకుంటే చుక్కలు. ‘నాలుగో హెన్రీ’ మొదటి భాగంలో హాట్‌స్పర్ కత్తిపోటుకు కూలి, వాక్యం సగంలో ఉండగానే ప్రాణం వదులుతాడు. చంపిన యువరాజే ఆ వాక్యాన్ని పూర్తి చేస్తాడు. ఇప్పటి ముద్రణలు అక్కడ డాష్ వేస్తాయి. చుక్కలు వేస్తే హాట్‌స్పర్ చావడం మాని ఆలోచనలో పడ్డట్టుంటుంది. ఎదుటివాడు పూర్తి చేయగలిగాడన్నది కూడా గమనించాలి. ఆగిన చోట ఏం రావాలో నాటకం అప్పటికే సిద్ధం చేసి ఉంచింది.

ఇరవయ్యో శతాబ్దం వచ్చేసరికి నవలాకారులు చుక్కలను విచ్చలవిడిగా ఖర్చుపెట్టారు. జోసెఫ్ కాన్రాడ్, ఫోర్డ్ మాడాక్స్ ఫోర్డ్ కలిసి రాసిన ‘ది ఇన్హెరిటర్స్’ 1901లో వచ్చింది. మనుషుల సంభాషణ నిజానికి వాక్యాలుగా పూర్తి కాదు, సగం సగం జారిపోతుంది కదా అని దాన్ని చుక్కలతో పట్టుకోవాలని చూశారు. వర్జీనియా వుల్ఫ్ 1929లో అచ్చువేసిన ‘ఎ రూమ్ ఆఫ్ వన్స్ ఓన్’లో ఆలోచన ఒక దారి వదిలి ఇంకో దారి తొక్కే చోట చుక్కలు కనిపిస్తాయి. ఫ్రాన్సులో సెలీన్ అయితే ఫుల్‌స్టాప్‌నే పక్కకు నెట్టేశాడు. ఆయన 1936 నాటి నవల నిండా మూడేసి చుక్కలే. ఎందుకయ్యా ఇన్ని అని విసుక్కున్నవాళ్లకు, పట్టాల కింద స్లీపర్లు తీసేస్తే రైలు నడుస్తుందా అన్న ధోరణిలో జవాబిచ్చాడు.

సెలీన్‌కు చెల్లింది. అందరికీ చెల్లదు. జర్మన్ తత్త్వవేత్త అడార్నో 1956లో విరామచిహ్నాల మీద ఓ చిన్న వ్యాసం రాస్తూ, మన వృత్తివాళ్ల వీపు మీద ఒకటి చరిచాడు. పత్రికలకు గబగబా రాసి పారేసేవాడు తన బుర్రలో లేని అనంతమైన ఆలోచనలు ఉన్నట్టు భ్రమ కల్పించడానికి మూడు చుక్కలను ఆశ్రయిస్తాడన్నది ఆయన అభియోగం. చురుక్కుమంటుంది గానీ కాదనలేం. ‘ఇంకా ఎన్నో…’, ‘ఆ రోజులే వేరు…’, ‘కాలమే సమాధానం చెప్పాలి…’ అని ముగిసే వ్యాసాలను ఇంగ్లిష్‌లోనూ తెలుగులోనూ ఎన్ని చూడలేదు! ఆ చుక్కలు చెరిపేసి ఫుల్‌స్టాప్ పెట్టి మళ్లీ చదివితే అక్కడ ఏమీ లేదని రాసినవాడికే తెలిసిపోతుంది. చుక్కలు పెట్టడమంటే ఇక్కడ ఏదో ఉందని పాఠకుడికి మాట ఇవ్వడం. తీసేసిన వాక్యమో, మింగేసిన మాటో, ఊహకు అందే ముగింపో ఉండాలి. ఏదీ లేకపోతే ఇచ్చిన మాట తప్పినట్టే.

ఈ మాట మీద గట్టిగా నిలబడ్డది సాహిత్యం కన్నా కంప్యూటరే. 1984లో ఆపిల్ మాకింతోష్ వచ్చినప్పటి నుంచీ మెనూల్లో ఒక కట్టుబాటు ఉంది. ‘సేవ్’ పక్కన చుక్కలుండవు, నొక్కగానే పని అయిపోతుంది. ‘సేవ్ యాజ్’ పక్కన ఉంటాయి. ఏ పేరుతో, ఎక్కడ అని అడగనిదే ముందుకు పోనని ముందే చెబుతోందన్నమాట. రోజూ చూసేదే, చాలామంది గమనించని సంగతి.

ఇక ఫోను సందేశాలు. అమెరికాలో ఉన్న కొడుకు, వచ్చే నెల రావడం లేదమ్మా, సెలవు దొరకలేదని ఇంగ్లిష్‌లో మెసేజ్ పెడతాడు. గుంటూరు నుంచి ‘ఓకే…’ అని జవాబొస్తుంది. కొడుకు గుండె జారిపోతుంది. అమ్మకు కోపం వచ్చిందా, కన్నీళ్లు పెట్టుకుందా, ఒంట్లో బాగాలేదా? భాషాశాస్త్రవేత్త గ్రెచెన్ మెకల్లక్ 2019లో ప్రచురించిన పుస్తకంలో ఈ తరాల తేడాను విడమరిచారు. కార్డులూ ఉత్తరాలూ చేత్తో రాసిన తరానికి చుక్కలంటే ఒక సంగతికీ ఇంకో సంగతికీ నడుమ చిన్న ఎడం, అంతే. చాట్‌తో పెరిగినవాళ్లకు ఆ ఎడం ‘సెండ్’ నొక్కగానే వచ్చేస్తుంది. కొత్త సందేశమే కొత్త వాక్యం. చుక్కలు అదనంగా వచ్చాయంటే ఏదో మింగేశారనే వాళ్లు చదువుకుంటారు. మన ఇన్‌లాండ్ లెటర్లు గుర్తున్నవాళ్లకు ఇది వివరించి చెప్పనక్కర్లేదు. ఉభయకుశలోపరి తర్వాత నాలుగు చుక్కలు, పొలం సంగతి, మళ్లీ చుక్కలు, మేనత్త కూతురి సంబంధం, మళ్లీ చుక్కలు, మడత పెట్టే అంచు మీద అడ్డంగా ‘పిల్లలకు ఆశీస్సులు’. ఎవరికీ గుండె జారేది కాదు.

ఆఫీసు మెయిళ్లకు ఈ మినహాయింపు ఇవ్వలేం. ‘దయచేసి ఇది చూడండి…’ అని మేనేజరు రాస్తే, చూడకపోతే ఏమవుతుందో చుక్కల్లో ఉందని కింది ఉద్యోగి రాత్రంతా అర్థాలు తీస్తాడు. పాపం ఆ మేనేజరుకు బెదిరించే ఉద్దేశమే ఉండకపోవచ్చు. తెలుగులో అయితే చివర ఓ ‘అండీ’ తగిలించి మాటను మెత్తబరిచేవాడు. ఇంగ్లిష్‌లో అది దొరక్క, ఫుల్‌స్టాప్ పెడితే మొహం మీద తలుపేసినట్టుంటుందేమోనని, మర్యాదకు చుక్కలు పెట్టి ఉంటాడు. అవతలివాడు అమెరికన్ అయినా, మన హైదరాబాద్ కుర్రాడే అయినా, దాన్ని మర్యాదగా చదివే అవకాశం తక్కువ. ఇంగ్లిష్‌లో మెత్తదనం వాక్యం మొదట్లోనే, ‘వీలైతే’, ‘తీరిక చూసుకుని’ లాంటి మాటల్లో పెట్టుకోవాలి. చివర ఒక్క చుక్క పెడితే ఎవరూ నొచ్చుకోరు.

అమ్మను మాత్రం ఎవరూ సరిదిద్దనక్కర్లేదు. ‘ఓకే…’ చూసి కంగారుపడ్డ కొడుకు, అక్కడి టైము కూడా చూసుకోకుండా ఏమైందమ్మా అని ఫోన్ చేస్తాడు. ఏమీ కాలేదురా, ఓకే అని పెట్టాను కదా అంటుందావిడ. అక్కడి నుంచి పొలం సంగతీ, మేనత్త కూతురి సంబంధం సంగతీ ముప్పావుగంట నడుస్తాయి.